ఎక్కడికి అన్న గడి

చేపల వేట పిచ్చి ఉన్న బహ్రెయినీ మగవాడు భార్యకు అన్నీ చెబుతాడు. ఆఫీసులో తిన్న తిట్లు చెబుతాడు, ఒంట్లో నలత చెబుతాడు, ఆమె గురించి తన తల్లి ఏమందో కూడా నోరు జారి చెప్పేస్తాడు. గాలం ఎక్కడ వేశాడో మాత్రం చెప్పడు. మరీ గుచ్చి అడిగితే ఉత్తరాన జారిమ్ దిబ్బ దగ్గర అంటాడు. జారిమ్ దిబ్బ దగ్గర నా చిన్నప్పుడే చేపలు అయిపోయాయి.

ఈ సంగతి నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే ఆ అబద్ధాలన్నీ దిద్దేది నేనే. నా పేరు మక్కీ. బడిలో ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పి రిటైరయ్యాక, సిత్రాలో ఒక బోటు క్లబ్బులో సరదాకి పడవలు నడిపేవాళ్ళకు జాగ్రత్తలు నేర్పుతున్నాను. బ్యాంకు వాళ్ళు, పళ్ళ డాక్టర్లు, పడవ కొన్నాక ఇంజను ఏ వైపు ఉంటుందో వెతికే పెళ్ళికొడుకులు వస్తారు. ఎనిమిది పాఠాలు. చివర నా సంతకం పడితేనే లైసెన్సు చేతికొస్తుంది. నేను ఊరికే సంతకం పెట్టే మనిషిని కాను. ఒక జడ్జిగారి కొడుకును పరీక్షలో మూడుసార్లు తప్పించాను, నాలుగోసారి జడ్జిగారే వచ్చి కూర్చుని వాడితో పాటు పాఠాలు విన్నారు.

ఐదో పాఠం ప్రయాణపు కాగితం గురించి. అందులో మూడు గడులుంటాయి. ఎవరెవరు, ఎక్కడికి, ఎన్నింటికి తిరిగి. బయల్దేరే ముందు నింపి ఇంట్లో ఫ్రిజ్‌కి అంటించాలి. చెప్పిన వేళ దాటి అరగంటయినా రాకపోతే ఇంట్లోవాళ్ళు తీర రక్షక దళానికి ఫోన్ చేసి అది చదివి వినిపించాలి. చాలా తేలికైన పాఠం, చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. తరగతిలో నింపి చూపించమంటే పద్దెనిమిది మందిలో పద్దెనిమిది మందీ జారిమ్ దిబ్బ అని రాస్తారు. ఆ కాగితాల్ని నమ్మితే శుక్రవారం పొద్దున ఆ దిబ్బ చుట్టూ పడవ దూరే సందు ఉండకూడదు.

"మీ చోటు ఎవడూ ఎత్తుకుపోడు నాయనా," అని అరిచేవాణ్ణి. "చస్తే శవానికైనా ఒక చిరునామా ఉండాలి కదా." వాళ్ళు నవ్వేవాళ్ళు, ఆ గడి కొట్టేసి ఇంకో అబద్ధం రాసేవాళ్ళు. నేను ఇంకా కోప్పడేవాణ్ణి. నా కోపం చూసి వాళ్ళకు నా మీద గౌరవం పెరిగేది. తీర రక్షక దళంలో చేరే కుర్రాళ్ళు కూడా ముందు నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఉస్తాద్ మక్కీ గీత గీస్తే అది గీతే అని పేరు.

మా ఇంట్లో ఫ్రిజ్ మీద పదకొండేళ్ళుగా ప్రతి శుక్రవారం నా చేత్తో నేను రాసి అంటించిన మాట, జారిమ్ దిబ్బ.

మేం వెళ్ళే చోటు అది కాదు. మేం వెళ్ళేది సిత్రాకు తూర్పున ఒక గుంటకి. మా మామగారు కనిపెట్టినది. నీటి అడుగున రాతిలో రెండు గదులంత గుంట, అందులో హమూర్ చేపలు పెళ్ళి విందులో పెద్దమనుషుల్లా కూర్చుని ఉంటాయి. మసీదు మినార్ రెండు పొగగొట్టాల మధ్యకు రావాలి, పక్కకు చూస్తే నీళ్ళ ట్యాంకు ఈతచెట్ల వెనక సగం దాగాలి. రెండూ ఒక్కసారి కుదిరాయంటే గుంట మీద ఉన్నట్టు. నా పెళ్ళయిన మూడో ఏట మామ నన్ను అక్కడికి తీసుకెళ్ళి, నీళ్ళమీద చెయ్యి పెట్టించి ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ఆ రోజే నన్ను నిజంగా అల్లుణ్ణి చేసుకున్నాడనిపించింది. ఆయన పోయాక ఆ చోటు తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం, నేనూ ఆయన కొడుకు షుబ్బర్.

షుబ్బర్ నా భార్య జలీలాకు తమ్ముడు, ఆమె కన్నా పదేళ్ళు చిన్న. నలభై నిండినా పెళ్ళి చేసుకోలేదు. ఆ మాటెత్తితే తన పడవను చూపించి, దీన్ని పోషించడానికే నా పని అయిపోతోంది అంటాడు. వాడంటే నాకు ప్రాణం. వాడికి ఐదేళ్ళప్పుడు మా పెళ్ళిలో నా భుజం మీదెక్కి దిగనన్నాడు, ఇప్పటికీ దిగలేదు.

ఆ శుక్రవారం ఫిబ్రవరి చివర. ఫజర్ నమాజు చేసుకుని కాగితం నింపుతుంటే జలీలా ఫ్లాస్కులో పాల టీ పోసి తెచ్చింది.

"ఎక్కడికి?" అంది.

"రాశాగా."

"జారిమేనా?"

"జారిమే."

"అక్కడ హమూర్ ఇంకా పడుతోందన్నమాట," అని కాగితం తీసుకుని ఫ్రిజ్‌కి తనే అంటించింది. పదకొండింటికల్లా వచ్చేయమంది, మధ్యాహ్నం అన్నం మా అత్తగారింట్లో.

ఎనిమిదింటికి గుంట మీదికి చేరాం. నేను లైఫ్ జాకెట్ వేసుకున్నాను. షుబ్బర్ తనదాన్ని మడిచి కిందేసుకుని దానిమీద కూర్చున్నాడు.

"ఉస్తాద్ గారూ, మార్కులు తీసేస్తారా?" అన్నాడు.

"నీకు సున్నా వేసి చాలాకాలమైంది."

"నా సర్టిఫికెట్ మీద సంతకం మీదే కదండీ."

"అది మీ అక్క ఏడుపు చూడలేక పెట్టాను. తొడుక్కో."

వాడు తొడుక్కోలేదు, నేను రెండోసారి అడగలేదు. అప్పటికే మొదటి హమూర్ లాగుతోంది.

అసలు తప్పు ఇంకో గంటకు జరిగింది. తొమ్మిదింటికి ఆటు అడుగంటి నీరు నిలిచిపోయింది. తాడు వదులై పడవ గుంట మీద నుంచి పక్కకు జరుగుతోంది. షుబ్బర్ లేచి లంగరు తాడును బాగా లాగి, పొట్టి చేసి, పడవ వెనక కొసకు కట్టేశాడు. మామ అలాగే కట్టేవాడు. ముందు కొసకు కడితే పడవ గాలికి తిరుగుతూ గుంటను వదిలేస్తుంది, వెనక కడితే మేకుకు కట్టినట్టు నిలబడుతుంది. కానీ మామది పాతకాలపు చెక్కపడవ, దాని వెనక భాగం ఛాతీ ఎత్తు ఉండేది. షుబ్బర్‌ది ఫైబర్ పడవ. వెనక అంచు మోకాలెత్తు, దాని మీద ఇంజను బరువు. పైగా నీరు అడుగంటిన వేళ కొలిచి కట్టిన తాడు పోటు వచ్చాక చాలదు. నీరు పడవను పైకెత్తుతుంది, తాడు వెనక కొసను కిందికి లాగుతుంది. ఇది నా మూడో పాఠం. నల్లబల్ల మీద బొమ్మ గీసి చెబుతాను.

"ముందుకు కట్టరా," అన్నాను.

"నాన్న ఇలాగే కట్టేవాడుగా బావా."

నేను ఊరుకున్నాను. అప్పటికే మూడు పడ్డాయి, నాలుగోది నా గాలానికే తగిలింది. మనిషికి కళ్ళు మూసుకుపోవడానికి కల్లే తాగనక్కర్లేదు.

పదింటికి పోటు మొదలైంది, దానికి ఎదురుగా ఉత్తరపు గాలి లేచింది. నీరు ఒకవైపు, గాలి ఒకవైపు తోస్తుంటే అలలు పొట్టిగా, నిటారుగా లేచాయి. ఒకటి వెనక అంచు దాటి లోపలికొచ్చింది. చీలమండలు తడిశాయి. రెండోది వచ్చాక చేపల డబ్బా తేలింది. నేను రేడియో మైకు చేతిలోకి తీసుకున్నాను.

"ఏం చెప్తావు?" అన్నాడు షుబ్బర్.

"ఎక్కడున్నామో చెప్తా. నీళ్ళు ఎక్కుతున్నాయి."

"శుక్రవారం బావా. ఊరు ఊరంతా నీళ్ళమీదే ఉంది, అందరి రేడియోలూ ఇదే ఛానల్‌లో ఉన్నాయి. నువ్వా మినారూ పొగగొట్టాలూ ఒకసారి చదివావంటే వచ్చేవారం ఇక్కడ పడవ ఆపుకోడానికి లైన్లో నిలబడాలి." వాడు నవ్వుతున్నాడు. "రెండు నిమిషాలాగు. తాడు విప్పేస్తా, వెళ్ళిపోదాం."

నేను ఆగాను. ఈ తప్పు ఎవరిమీదకీ నెట్టను. మైకు నా చేతిలో ఉంది, బొటనవేలు మీట మీదే ఉంది, నోట్లో మాట సిద్ధంగా ఉంది. మామకు వేసిన ఒట్టు గుర్తొచ్చింది, దానికన్నా ముందు ఆ నాలుగు చేపలు గుర్తొచ్చాయి. మైకును కొక్కేనికి తగిలించేశాను.

షుబ్బర్ వెనక్కి వెళ్ళాడు. వాడి బరువుకు వెనక కొస ఇంకా దిగింది. ముడి విప్పగానే తాడు సర్రున జారింది, కాళ్ళ దగ్గర పడున్న చుట్టలు లేచి వాడి చీలమండకూ, కూర్చునే బల్ల ఇనుప కాలుకూ కలిపి బిగుసుకుపోయాయి. వాడు నావైపు చూశాడు, ముఖంలో ఇంకా నవ్వు పూర్తిగా పోలేదు. తర్వాతి అల నిండా లోపలికొచ్చింది. పడవ పక్కకు ఒరిగి తలకిందులైంది.

నేను బయట తేలాను. షుబ్బర్ పడవ కింద ఉండిపోయాడు.

పడవ మునిగిపోలేదు. ముక్కు పైకి, వెనక కొస కిందికి, అడుగు భాగం ఆకాశం వైపు పెట్టి నిలిచింది. నేను దాన్ని పట్టుకుని పేరు పెట్టి పిలిచాను. మూడుసార్లు పిలిచాక లోపల్నుంచి కొట్టిన చప్పుడైంది, తర్వాత మాట. ఫైబర్ పలచన, మాట బిందెలోంచి వచ్చినట్టు వినిపించింది.

"ఉన్నా బావా. ముక్కు దగ్గర గాలుంది. కాలు రావట్లా."

జాకెట్ విప్పి ముక్కు దగ్గర వేలాడే తాడుకు కట్టి, ఊపిరి బిగపట్టి అంచు కిందుగా లోపలికి దూరాను. పచ్చటి చీకటి. వాడి తల, భుజాలు గాలిలో ఉన్నాయి, మిగతా ఒళ్ళంతా నీళ్ళలో వెనక్కి సాగదీసినట్టుంది. కిందికి దిగి వాడి కాలు తడిమాను. తాడు ఇనుప కడ్డీలా ఉంది. వేలు దూర్చడానికి సందు లేదు. ఆ తాడు ఒక కొసన సముద్రం అడుగు రాతిలో ఇరుక్కున్న లంగరు, రెండో కొసన మొత్తం పడవ, మధ్యలో మా షుబ్బర్ కాలు. కత్తి ఉంటే ఒక్క నిమిషం పని. కత్తి నడుముకు కట్టుకోవాలని రెండో పాఠంలో చెబుతాను. నా కత్తి చేపల డబ్బాలో ఉండింది, డబ్బా ఎటుపోయిందో తెలియదు.

నాలుగుసార్లు మునిగాను. ఐదోసారి పైకొచ్చేసరికి నా చేతులు నా మాట వినడం మానేశాయి. వాడి పక్కన గాలిలో తల పెట్టి రొప్పాను.

"బయటికెళ్ళు," అన్నాడు షుబ్బర్. "ఈ గాలి ఇద్దరికి చాలదు. నువ్వే చెప్పావు."

"నువ్వెప్పుడు విన్నావు నా పాఠం?"

"మొదటి క్లాసు విన్నా. సమోసాలు పెట్టారుగా."

నేను బయటికొచ్చి జాకెట్ తొడుక్కుని, తలకిందులైన పడవ మీదికి పాక్కుంటూ ఎక్కాను. రేడియో, ఫోన్లు అన్నీ నీళ్ళపాలయ్యాయి. పదిన్నర దాటింది. మధ్యాహ్నం మూడున్నర దాకా పోటు. నీరు ఇంకా ఒక మనిషి ఎత్తు పెరగాలి. తాడు సాగదు. నీరు పెరిగే కొద్దీ పడవ ముక్కు కిందికి దిగుతుంది, లోపలి గాలి తగ్గుతుంది. భూగోళం మాస్టరుని కదా, గంటకెంత పెరుగుతుందో లెక్క నాకు నోటికి వచ్చు. అది రాకపోయినా బాగుండేది.

ముక్కు మీద పడవ పేరు రాసిన నీలం అక్షరాలున్నాయి. నీరు మొదటి అక్షరం కిందున్నప్పుడు కూర్చున్నాను. రెండో అక్షరం తడిసింది. మినార్ రెండు పొగగొట్టాల మధ్య కుదురుగా నిలబడి ఉంది, నీళ్ళ ట్యాంకు ఈతచెట్ల వెనక సగం దాగి ఉంది. అంత ఖచ్చితంగా మేం ఆ చోట ఎప్పుడూ నిలబడలేదు. ఒడ్డు కనబడుతూనే ఉంది, మా ఊరే కనబడుతోంది, కేక వేస్తే అలల మీదే పోతోంది. ఈదుకుంటూ వెళ్దామంటే పోటు నన్ను ఎటు తీసుకెళ్తుందో తెలియదు, పైగా నేను వెళ్ళిపోయానని వాడికి తెలిస్తే ఏమవుతాడోనని భయం.

"ఎంతైంది?" అని లోపల్నుంచి అడిగాడు.

"పదకొండున్నర. ఈపాటికి మీ అక్క ఫోన్ చేసి ఉంటుంది."

"చేస్తుంది. అరగంటంటే అరగంటే." కాసేపాగి అన్నాడు, "కాగితంలో ఏం రాశావు?"

నేను ఉత్తరం వైపు చూశాను.

"జారిమా?" అన్నాడు.

"అవును."

లోపల చాలాసేపు చప్పుడు లేదు. చేత్తో పడవను బాదాను.

"ఉన్నాలే," అన్నాడు. "నేను కూడా అదే రాసేవాణ్ణి."

పన్నెండింటికి హెలికాప్టర్ చప్పుడు వినబడింది. ఉత్తరాన, ఆకాశపు అంచున, ఈగంత కనబడింది. అక్కడే తిరిగింది. వెళ్ళింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ అక్కడే తిరిగింది. వాళ్ళు ఎంత శ్రద్ధగా వెతుకుతున్నారో నాకు తెలుస్తూనే ఉంది, ఎందుకంటే అలా గడులు గడులుగా వెతకడం వాళ్ళకు చూపించింది నేనే. చొక్కా విప్పి ఊపాను. ఆ దూరానికి నేనొక కాకిని కూడా కాను. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

"వస్తున్నారా?" అన్నాడు షుబ్బర్.

"వస్తున్నారు."

"అబద్ధం చెప్పకు బావా."

"ఉత్తరాన తిరుగుతున్నారు."

ఒంటిగంటకు మూడో అక్షరం మునిగింది. వాడు మాట్లాడటం తగ్గించాడు. కాలు ఇప్పుడు నొప్పి లేదన్నాడు, అది వినగానే నాకు ఇంకా భయం వేసింది. గంటకు పదిసార్లు కొడతానన్నాను, కొడితే తిరిగి కొట్టమన్నాను. నేను రెండు కొడితే వాడు రెండు కొట్టేవాడు. తర్వాత ఒకటే కొట్టడం మొదలుపెట్టాడు. నాకు తెలిసిన సలవాతు ప్రార్థనలన్నీ చదివాను, మామను తిట్టాను, మళ్ళీ క్షమాపణ అడిగాను. వాడు చస్తే జలీలా ముఖం ఎలా చూడాలన్నది ఒకటే నా తలలో తిరుగుతోంది. వాణ్ణి ఆమెకు పదేళ్ళ వయసులో ఆమె ఒళ్ళో పెట్టారు, అప్పట్నుంచీ ఆమే పెంచింది.

రెండు దాటాక ఒడ్డువైపు నుంచి పడవలొచ్చాయి. ఒకటి కాదు, పదకొండు. ముందు పడవ ముక్కు మీద ఒక మనిషి నిలబడి ఉంది, నల్ల అబాయా గాలికి ఎగురుతోంది. ఒక కన్ను మూసుకుని, చెయ్యి ముందుకు చాచి బొటనవేలు నిలబెట్టి ఒడ్డుకేసి చూస్తోంది. తల కొంచెం తిప్పి ఈతచెట్ల వైపు చూసింది. చేత్తో పడవ నడిపేవాడికి ఎడమకు అని చూపించింది. అచ్చం మామ నిలబడినట్టే.

జలీలా సరిగ్గా గుంట మీదికి వచ్చి ఆగింది.

వెనకే తీర రక్షక దళం పడవ. దాన్ని నడిపిస్తున్న అధికారి సల్మీన్ ఏడేళ్ళ క్రితం నా దగ్గర చదువుకున్నవాడు. వాడి మనిషి ఒకడు కత్తితో దూకాడు. తాడు తెగగానే పడవ ఒక్కసారి పైకి ఎగిరిపడింది, నన్ను నీళ్ళలోకి విసిరేసింది. షుబ్బర్‌ను బయటికి తీసేసరికి పెదాలు వంకాయ రంగులో ఉన్నాయి. ఊపిరి ఉంది. జలీలా వాడి తల ఒళ్ళో పెట్టుకుంది. వాడు కళ్ళు తెరిచి ఆమెను చూసి, "అందరికీ చెప్పేశావా?" అన్నాడు.

"రేవులో నిలబడి అరిచి చెప్పాను," అంది. "మినారూ పొగగొట్టాలూ ట్యాంకూ, అన్నీ చెప్పాను. నోర్మూసుకో."

ఆ చోటు తనకెలా తెలుసని జలీలాను అడిగితే ఆసుపత్రికి వెళ్ళే దారిలో ముందుకు చూస్తూనే చెప్పింది. "నాకు పదేళ్ళొచ్చేదాకా నాన్నకు కొడుకు లేడు. ఎవర్ని తీసుకెళ్ళేవాడనుకున్నావు?"

ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టర్. కాలి సంగతి వేరు. నాలుగు గంటలు రక్తం ఆడలేదు. రెండు గంటల ముందు తెచ్చి ఉంటే ప్రయత్నించేవాళ్ళమన్నాడు. ఇప్పుడు చీలమండ పైన తీసేయాలన్నాడు. మత్తిచ్చి లోపలికి తీసుకెళ్ళారు.

నడవలో సల్మీన్ నా కోసం నిలబడి ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మా ఫ్రిజ్ మీది కాగితం.

"నన్ను క్షమించాలి ఉస్తాద్," అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. "మీ ఆవిడ మూడుసార్లు చెప్పారు, వాళ్ళు అక్కడ ఉండరు, తూర్పున ఉంటారని. నేను వినలేదు. అమ్మా, మీరు కంగారులో ఉన్నారు, కూర్చోండి, ఇది ఉస్తాద్ చేతిరాత అన్నాను. మీరు నీటికి కొట్టుకుపోతారని నాకు తట్టాల్సింది."

"తప్పు నాది సల్మీన్."

"మీరలాగే అంటారు. మీ పెద్దమనసు."

"పెద్దమనసు కాదు. అది అబద్ధం. నేను జారిమ్‌కి వెళ్ళనే లేదు."

"రిపోర్టులో కొట్టుకుపోయారని రాస్తాను ఉస్తాద్. మీరు మాట్లాడకండి, వణుకుతున్నారు."

"లంగరు వేసి ఉన్నాం నాయనా. తాడు కోసింది మీవాడే. లంగరు వేసిన పడవ ఎక్కడికి కొట్టుకుపోతుంది?"

వాడు నన్ను చూశాడు. తర్వాత కవరులోని కాగితం చూశాడు, చాలాసేపు. వాడి ముఖంలోంచి ఏదో దిగిపోవడం నా కళ్ళతో చూశాను. నేను తప్పించిన ఏ విద్యార్థి ముఖమూ అలా మారలేదు. వాడు నన్ను దాటి వెళ్ళి, బెంచీ మీద కూర్చున్న జలీలా ముందు నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆమెను క్షమాపణ అడిగాడు.

అప్పుడు నర్సు ఒక కాగితం తెచ్చింది. కాలు తీయడానికి ఇంటివాళ్ళ ఒప్పుదల కావాలి, ఎలా జరిగింది, ఎక్కడ జరిగింది, ఎన్నింటికి అని నింపి సంతకం చేయాలి. మగవాణ్ణి, పెద్దవాణ్ణి కదా, నా చేతిలో పెట్టింది. కలం తీశాను. ఎక్కడ అన్న గడి దగ్గర నా చెయ్యి ఆగింది. ఆగడానికి కారణం లేదు, ఆ చోటు ఇప్పుడు ఊరందరికీ తెలుసు. అయినా ఆగింది.

జలీలా లేచి వచ్చి నా వేళ్ళలోంచి కలం తీసుకుంది.

"ఇటివ్వు," అంది. "ఇది నేను రాస్తాను."

గోడకు కాగితం ఆనించి, మినార్ పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఆ చోటు ఎక్కడో పూర్తిగా రాసింది. ఆ చిన్న గడి చాలక పక్కన ఖాళీలోకి కూడా రాసి, కింద తన తమ్ముడి పేరు, తన పేరు రాసి సంతకం చేసి నర్సుకిచ్చింది. నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అక్కడే నిలబడ్డాను.